నల్లరేగడి గోల్ఫ్ లింక్స్: తొమ్మిది హోల్స్, చుక్క నీరు అక్కర్లేదు

గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో భూమికి రెండు ధరలు. మిర్చి వేస్తే ఒకటి, మిర్చి మొక్క పీకి హద్దురాయి పాతితే ఇంకొకటి. ఆ రెండో ధర మరో మెట్టు ఎక్కాలంటే ఏం చేయాలో వెంచర్లు వేసే పెద్దలకు బాగా తెలుసు. బ్రోచరు మీద పచ్చగడ్డి బొమ్మ వేయించాలి. గడ్డిలో ఓ చిన్న గుంట, గుంటలో జెండా, పక్కన టోపీ పెట్టుకుని కర్ర తిప్పుతున్న దొరబాబు. కొనేవాడికి గోల్ఫ్ రాదు, అమ్మేవాడికి అసలే రాదు. అయినా గజం నాలుగు డబ్బులు ఎక్కువ పలుకుతుంది. ఎవరూ ఆడకుండానే డబ్బులొచ్చే ఆట ఇదొక్కటే.

దీనికి పైన ఓ సిద్ధాంతం కూడా ఉంది. గోల్ఫ్ వస్తే పెద్దమనుషులు వస్తారట, పెద్దమనుషులు వస్తే పెట్టుబడులు వస్తాయట, పెట్టుబడులు వస్తే మన పిల్లలకు ఉద్యోగాలు వస్తాయట. హైదరాబాదులో ఈ ప్రయోగం ఎప్పుడో జరిగింది. 2000ల తొలి ఏళ్లలో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం దుబాయి ఎమ్మార్ సంస్థతో కలిసి మణికొండ దగ్గర దాదాపు 535 ఎకరాల్లో ఓ ప్రాజెక్టు తలపెట్టింది. అందులో 235 ఎకరాలు గోల్ఫ్ కోర్సుకే. ఆ గడ్డి మీద ఎన్ని బంతులు గుంటలో పడ్డాయో మనకు అనవసరం. అమ్మకాల్లో అవకతవకలు జరిగాయన్న ఆరోపణల మీద 2011లో సీబీఐ కేసు పెట్టింది. స్కోరు కార్డు చూడ్డానికి సీబీఐ రావాల్సిన ఆట మరొకటి ఉంటే చెప్పండి.

అసలీ ఆట పుట్టిన నేల సంగతి వింటే మన పెద్దలు ముక్కున వేలేసుకుంటారు. స్కాట్లాండ్‌లో సముద్రపు ఒడ్డున, పంటకు పనికిరాని ఇసుక దిబ్బల మీద, గొర్రెలు మేసిన గడ్డిలో పుట్టిందిది. సెయింట్ ఆండ్రూస్‌లో 22 హోల్స్‌ను 18కి కుదించింది 1764లో. అక్కడి వానకు గడ్డి దానంతటదే పెరుగుతుంది. పంట పండని నేల మీద వాళ్లు ఆట కనిపెడితే, పత్తీ మిర్చీ శనగా పండే నేల మీద మనం ఆ ఆట పండించాలని చూస్తున్నాం. అంత సరదాగా ఉంటే బాపట్ల పక్కన సూర్యలంక ఇసుక ఉందిగా, వెళ్లి ఆడుకోండి. ఊహూఁ, అక్కడ ప్లాటు అమ్ముడుపోదు.

అందుకే ఓ మధ్యేమార్గం చెబుతున్నా. గోల్ఫ్ కోర్సు కట్టాల్సిందే. కాకపోతే కంప్యూటర్లో కట్టాలి.

నవ్వకండి. కంప్యూటర్ గోల్ఫ్‌కు నలభై ఏళ్ల చరిత్ర ఉంది. 1984లో నింటెండో గోల్ఫ్ ఆటకు ప్రోగ్రాం రాసిన సతోరు ఇవాటా ఆ తర్వాత ఆ కంపెనీకే అధ్యక్షుడయ్యాడు. 1990లో అమెరికాలో యాక్సెస్ సాఫ్ట్‌వేర్ వాళ్లు ‘లింక్స్’ తెచ్చారు. దాని తర్వాతి రూపాల్లో ఎవరి కోర్సు వాళ్లే గీసుకునే పనిముట్లు కూడా ఇచ్చారు. ఎకరం భూమి లేనివాళ్లు రాత్రిళ్లు కూర్చుని చెరువులు తవ్వారు, చెట్లు నాటారు, గుట్టలు లేపారు. ఒక్క రైతునూ లేపలేదు.

ఈ ఆటలో కర్ర తిప్పాలంటే మూడు నొక్కులు. మొదటిది నొక్కితే ఊపు మొదలవుతుంది. రెండోదానితో బలం ఎంతో తేలుతుంది. మూడోదానితో బంతి సూటిగా పోతుందా, పక్కకు పోతుందా తేలుతుంది. మన నేలకు తగ్గట్టు దీంట్లో ఒకే ఒక్క మార్పు చేశాను. మొదటి నొక్కు విత్తనం, అది మీదే. రెండో నొక్కు ఎరువూ మందూ, అప్పు తెచ్చయినా అదీ మీదే. మూడో నొక్కు రేటు. అది మీ చేతిలో ఉండదు. ఎక్కడో కూర్చుని ఇంకెవరో నొక్కుతారు.

కోర్సు పొట్టిది, తొమ్మిదే హోల్స్. ఒక్కోటి మూడు దెబ్బల్లో ముగియాలి. మొత్తం పార్ 27. ఇక రండి, తిప్పి చూపిస్తాను.

మొదటి హోల్, మిర్చి యార్డు. గోల్ఫ్‌లో గుంట చుట్టూ ఉండే నున్నటి చోటును గ్రీన్ అంటారు. మన గ్రీన్ ఎర్రగా ఉంటుంది. కల్లంలో ఆరబోసిన తేజ, లాం ఫారం నుంచి వచ్చిన 334, ఓ పక్కగా వేరుచేసిన తాలుకాయ. గేటు దగ్గర బారులు తీరిన టిక్కీల లారీల మీదుగా బంతి ఎగరేయాలి. మూడో నొక్కు సమయానికి కోరు లేస్తుంది, మీ బొమ్మ తుమ్ముతుంది, తెర మీద ముల్లు కదిలిపోతుంది. బయటి ఊళ్ల ఆటగాళ్లు ఈ హోల్ దగ్గరే ఆట మూసేసి వెళ్లిపోతారు. గుంటూరువాడు మాత్రం ముక్కు తుడుచుకోకుండానే కొడతాడు.

రెండో హోల్, నెర్రెలు. గోల్ఫ్ గుంట వెడల్పు నాలుగుంబావు అంగుళాలు, 1891లో ఖాయం చేసిన కొలత. వేసవిలో మన నల్లరేగడి చేలో నెర్రెలు అంతకన్నా వెడల్పుగా నోళ్లు తెరుస్తాయి. ఏది గుంట, ఏది నెర్రె? జెండా ఉన్నదే గుంట అనుకుని కొట్టండి. నెర్రెలో పడ్డ బంతి మళ్లీ వానలు పడి, గొర్రు తోలినప్పుడు బయటపడుతుంది. అదే వానాకాలపు సెట్టింగులో ఆడితే అడుగడుక్కీ చెప్పుకు శేరు మట్టి అంటుకుని, మీ బొమ్మ హోల్ దాకా చేరేసరికి జానెడు పొడుగు పెరుగుతుంది.

మూడో హోల్, పత్తి చేను. ఇది చూడ్డానికి తేలిక. తిన్నటి దారి, గుంట కళ్ల ముందే. కానీ బంతి తెలుపు, చేను తెలుపు. కొట్టాక వెతుక్కోవాలి. దొరికిన బంతి పైకి బాగానే ఉంటుంది, లోపల గులాబీరంగు పురుగు తినేసి ఉంటుంది. 2002లో బీటీ పత్తి వచ్చినప్పుడు ఇక కాయతొలుచు పురుగుకు కాలం చెల్లిందన్నారు. 2006లో బీటీ-2 వచ్చింది. గులాబీ పురుగు రెండిటినీ అరిగించుకుని మూడోదాని కోసం ఎదురుచూస్తోంది. సరే, పురుగు వదిలేసిన బంతి ఒకటి పట్టుకుని గుంట దాకా వెళ్లారనుకుందాం. అక్కడ ప్రభుత్వ పత్తి కొనుగోలు సంస్థ సీసీఐ మీటరు ఉంటుంది. తేమ 12 శాతం దాటితే బంతి చెల్లదు, ఎండబెట్టుకుని మళ్లీ రండి. మళ్లీ రావాలంటే కపాస్ కిసాన్ యాప్‌లో స్లాటు దొరకాలి. రైతుకు కంప్యూటర్ ఆటలు ఏం తెలుసని అడిగేవాళ్లున్నారే, వాళ్లు ఒకసారి ఆ స్లాటు బుక్ చేసి చూపించాలి. 2025 నుంచి పత్తి రైతు రోజూ ఆడుతున్నది కంప్యూటర్ ఆటే.

నాలుగో హోల్, సాగర్ కుడికాలువ. ప్రపంచంలో పేరున్న గోల్ఫ్ కోర్సుల్లో చాలావాటికి నీటి గండం ఒకటి ఉంటుంది. అమెరికాలో ఫ్లోరిడా సాగ్రాస్ కోర్సు 17వ హోల్ అయితే చుట్టూ నీళ్లు, మధ్యలో లంక. బంతి కొంచెం అటూ ఇటూ అయితే బుడుంగుమంటుంది. మన నాలుగో హోల్‌లో గండం నీళ్లు కాదు, నీళ్లు లేకపోవడం. 1955లో నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశాడు. కాలువ వచ్చినప్పట్నుంచి ఇప్పటిదాకా ప్రకాశం చివరి భూముల రైతు ఏటా కాలువ గట్టున నిలబడి పైకి చూస్తూనే ఉన్నాడు. ఈ హోల్‌లో బంతి కాలువలో పడితే మునగదు. ఎండిన అడుగున ఊరి తర్వాత ఊరు దాటుకుంటూ దొర్లిపోతుంది. వారబందీ, అంటే వంతుల ప్రకారం నీళ్లు వదిలిన రోజే మునుగుతుంది. ఆ రోజు ఎప్పుడో ఆటలో ముందుగా చెప్పరు. నిజమైన గోల్ఫ్ కోర్సు గడ్డి పచ్చగా ఉండాలంటే రోజూ లక్షల లీటర్లు తాగాలి. ఆ నీళ్లు ఎక్కడ్నుంచి తెస్తారని ఏ బ్రోచరులోనూ రాసి ఉండదు. రాసుంటే అది బ్రోచరు కాదు, నేరాంగీకార పత్రం.

ఐదో హోల్ చీమకుర్తి. నల్ల గెలాక్సీ గ్రానైట్ తవ్వగా మిగిలిన గొయ్యి, ప్రపంచంలోకెల్లా లోతైన బంకర్ (గోల్ఫ్‌లో బంతిని చిక్కించుకునే ఇసుక గొయ్యి పేరు అది). బంతి పడితే ఒంగోలు గిత్తలతో లాగించుకోవచ్చు. బండలాగుడు పోటీ రోజుల్లో మాత్రం అవి ఖాళీగా ఉండవు.

ఆరో హోల్, వెంచర్. ఇక్కడ దూరాన్ని గజాల్లో కొలవరు, నిమిషాల్లో కొలుస్తారు. ‘హైవేకి 5 నిమిషాలు, రాజధానికి 20 నిమిషాలు’ అని బోర్డు ఉంటుంది. ఏ వాహనం మీద, ఏ అర్ధరాత్రి వెళితే అన్ని నిమిషాలో రాయరు. కొట్టిన కొద్దీ గుంట వెనక్కి జరుగుతుంది. ఆర్చి, నాలుగు అశోక చెట్లు, మట్టిరోడ్డు, చిల్లకంప, ఇంతే ఉంటాయి. క్లబ్బు హౌసు ఎక్కడా అని అడిగితే ‘రెండో దశలో’ అని తెర మీద పడుతుంది. రెండో దశ కొనాలంటే వేరే డబ్బు కట్టాలి.

ఏడో హోల్, కోల్డ్ స్టోరేజీ. బంతి నేరుగా షెడ్డులోకి పోతుంది. తలుపు మూసుకుంటుంది. రేటు పెరిగేదాకా ఆట ఆగాలి. ఆటను భద్రపరుచుకుని నిద్రపోయి, వచ్చే ఏడు లేవచ్చు. ఈలోగా అద్దె ఒక దెబ్బ, వడ్డీ రెండు దెబ్బలు, కార్డు మీద పడుతూనే ఉంటాయి. 2025 ఫిబ్రవరిలో మిర్చి ధర కూలిపోతే కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలు ప్రకటించింది. అంతకు కొద్దికాలం ముందే 20 వేలు దాటి పలికిన కాయ అది. తలుపు తెరిచేసరికి బంతి బయటికొస్తుంది గానీ, మీరు లోపల పెట్టిన బరువు ఉండదు. మూడో నొక్కు నొక్కినవాడెవడో ఇక్కడా కనపడడు.

ఎనిమిదో హోల్, కౌలు. నన్నడిగితే కోర్సు మొత్తానికి గొప్ప హోల్ ఇదే. ఇందులో ఇద్దరు ఆటగాళ్లు. కొట్టేవాడు ఒకడు, కార్డు మీద పేరున్నవాడు ఇంకొకడు. ఎండలో నడిచేది, కర్ర తిప్పేది, బంతి వెతికేది, పోయిన బంతికి డబ్బు కట్టేది మొదటివాడు. బహుమతి, బీమా, నష్టపరిహారం రెండోవాడి ఖాతాలో పడతాయి. రెండోవాడు హైదరాబాదులోనో డాలస్‌లోనో ఉండి, సంక్రాంతికి ఒకసారి వచ్చి స్కోరు చూసుకుంటాడు. మొదటివాడి పేరూ కార్డు మీదకి ఎక్కాలని 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం తెచ్చారు. కార్డు ఇస్తామన్నారు, భూమి యజమాని సంతకం కావాలన్నారు. సంతకం పెడితే భూమి ఎక్కడ పోతుందోనని యజమాని భయం, అడిగితే కౌలు ఎక్కడ పోతుందోనని రైతు భయం. ఈ రెండు భయాల మధ్య బంతి గాల్లో ఆగిపోతుంది. ఇది ప్రోగ్రాములో లోపం కాదు, అచ్చంగా ఊళ్లో ఉన్నట్టే రాశాం.

తొమ్మిదో హోల్, రాజధాని. ఇది చూస్తే కళ్లు తిరుగుతాయి. ఫోస్టర్ అండ్ పార్ట్‌నర్స్ గీసిన భవనాలు, రాజమౌళిని పిలిచి అడిగిన సలహాలు, నదిలో నీలం, గడ్డిలో పచ్చ. కాకపోతే తెర మీద ‘లోడింగ్’ అని తిరుగుతూ ఉంటుంది. 29 ఊళ్ల రైతులు దాదాపు 34 వేల ఎకరాలు ఇచ్చారు. 2015 అక్టోబరు 22న శంకుస్థాపన జరిగింది. తర్వాత ప్రభుత్వం మారింది. 2019 డిసెంబరులో అదే గ్రీన్ మీద మూడు జెండాలు పాతుతామన్నారు. ఏ జెండా వైపు కొట్టాలో తెలియక భూములిచ్చినవాళ్లు ఏళ్ల తరబడి టెంట్ల కింద కూర్చున్నారు. 2022 మార్చి 3న హైకోర్టు ఒకే జెండా అంది. మళ్లీ ప్రభుత్వం మారింది, 2025 మే 2న పనులు మళ్లీ మొదలయ్యాయి. ఒక పార్టీవాళ్లు దీన్ని ప్రపంచ నగరం అంటారు, ఇంకో పార్టీవాళ్లు గ్రాఫిక్స్ అంటారు. అది ఏదైనా, భూమి ఇచ్చినవాడు మాత్రం గ్రాఫిక్స్ కాదు. ఈ హోల్‌కు పార్ మూడు దెబ్బలా, మూడు ప్రభుత్వాలా అన్నది ఇంకా తేలలేదు.

ఏ కోర్సుకైనా స్థానిక నియమాలు ఉంటాయి. రెండో ప్రపంచ యుద్ధంలో, 1940లో, లండన్ పక్కన రిచ్‌మండ్ క్లబ్బువాళ్లు బాంబుల కోసం నియమాలు రాసుకున్నారు. కర్ర తిప్పుతుండగా బాంబు పేలి దెబ్బ తప్పితే మళ్లీ కొట్టుకోవచ్చు, కానీ ఒక దెబ్బ జరిమానా. మన నియమాలు అంత కఠినమైనవేం కావు. బంతిని గేదె మింగితే గేదె కదిలేదాకా ఆగాలి. బంతి పందెంపుంజు కాళ్ల కింద పడితే పందెం అయ్యేదాకా ముట్టుకోకూడదు. పల్నాడులో కోడిపందెం మధ్యలో కదిలిస్తే ఏమవుతుందో చరిత్ర చెబుతుంది. 2021–22లో మిర్చి పూతను ఊడ్చేసిన నల్ల తామర పురుగు గనక దిగితే, ఆడిన హోల్స్ అన్నీ రద్దు, ఎంట్రీ ఫీజు మాత్రం వెనక్కి రాదు.

ఒక వస్తువును ఈ ఆటలో కావాలనే పెట్టలేదు. పురుగుమందు డబ్బా. 1987–88లో తెల్లదోమ పత్తిని తినేసినప్పుడు ఈ రెండు జిల్లాల్లో ఆ డబ్బా ఎంతమంది ఇళ్లలో ఏం చేసిందో తెలిసినవాడెవడూ దాన్ని బొమ్మగా గీయలేడు.

ఇంతకూ గోల్ఫ్‌ను ఎగతాళి చేస్తున్నానని ఎవరైనా అనుకుంటే పొరపాటు. నేను ఎగతాళి చేస్తున్నది గడ్డిని. ఆట నియమాల పుస్తకం చదివితే నాకు అసూయే కలిగింది. నేల మీద తాత్కాలికంగా నీళ్లు నిలిచి బంతి అందులో పడిందా? జరిమానా లేకుండా ఎత్తి పొడి చోట పెట్టుకోవచ్చు. ఏ జంతువో తవ్విన బొరియలో పడిందా? అప్పుడూ జరిమానా లేదు. మన చేలో తుఫాను నీళ్లు నిలిస్తే, అడవిపంది చేను తవ్విపోస్తే? ప్రభుత్వ పంట నమోదు ‘ఈ-పంట’లో పేరు ఎక్కిందా అంటారు. ఎక్కకపోతే దెబ్బ లెక్కే.

అన్నిటికన్నా గొప్పది హ్యాండిక్యాప్. బలవంతుడూ బలహీనుడూ ఒకే బరిలో ఆడాలి కాబట్టి బలహీనుడికి కొన్ని దెబ్బలు మాఫీ చేస్తారు. 2020 నుంచి ప్రపంచమంతటా ఒకే విధానం, గరిష్ఠ హ్యాండిక్యాప్ 54. కోటీశ్వరులు ఆడుకునే ఆటలో మాఫీకి ఇంత పద్ధతిగా లెక్క కట్టారు. దాన్ని ఎవరూ ఉచితాలు అనలేదు, తాయిలాలు అనలేదు, ఖజానా ఖాళీ అయిపోతుందని టీవీ చర్చ పెట్టలేదు. అది న్యాయంగా ఆడటానికి కావాల్సిన ఏర్పాటు, అంతే. అదే మాఫీ అన్న మాట కౌలు రైతు నోట వస్తే మాత్రం, గడ్డి మీద పద్దెనిమిది దెబ్బలు మాఫీ చేయించుకుని వచ్చిన పెద్దమనిషే రైతుకు క్రమశిక్షణ నేర్పుతాడు.

‘నువ్వు అభివృద్ధి నిరోధకుడివి’ అంటారని తెలుసు. అయ్యా, అభివృద్ధికి నేనేం అడ్డు రాను. రోడ్లు వేయండి, కాలేజీలు కట్టండి, మిర్చికీ పత్తికీ ఇక్కడే మిల్లులు పెట్టండి. పండే నేల మీద పచ్చరంగు బొమ్మ అమ్మడాన్ని అభివృద్ధి అనొద్దన్నదే నా గొడవ. ఆ బొమ్మకు కంప్యూటర్లో కావలసినంత చోటుంది. అక్కడ నీళ్లు ఉచితం, భూసేకరణ లేదు, సీబీఐ రాదు.

అందుకని ఏలినవారికి మనవి. గోల్ఫ్ గడ్డి మాకొద్దు, గోల్ఫ్ రూల్సు ఇవ్వండి. యజమాని సంతకం లేకుండా కౌలు రైతుకు కార్డు ఇవ్వండి. కాలువ చివర ఉన్నవాడికి నీళ్లు ఏ రోజు వస్తాయో నాట్లకు ముందే చెప్పి, ఆ రోజే వదలండి. మిర్చికి ఆదుకునే ధర రైతు నిండా మునిగాక ఫిబ్రవరిలో కాదు, విత్తనం కొనకముందే ప్రకటించండి. పాఠకులకు ఒక్క మాట: ఎవరైనా గోల్ఫ్ పేరు చెప్పి ప్లాటు చూపిస్తే, బయానా ఇచ్చేముందు ఆ గడ్డికి నీళ్లు ఏ కాలువవో, ఆ నీళ్లు ఎవరి చేనివో అడగండి. జవాబు కాగితం మీద రాసి సంతకం పెట్టమనండి.